కొమురమ్మ అదనపు గంటలు

ఇరవై తొమ్మిదో తారీఖు కావడంతో పరిపాలనా భవనం మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఆచార్యులు, గుమాస్తాలు, డ్రైవర్లు రొప్పుతూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అంతస్తు అంతస్తుకూ ఆగి మణికట్టు మీది శ్రమపట్టీ చూసుకుంటున్నారు. హైమవతి గోడవారగా తప్పుకుంటూ మూడో అంతస్తులోని వేతన విభాగం చేరింది.

"లిఫ్టుల రావచ్చు గద మేడమ్," అన్నాడు పక్క సీటు సారంగపాణి. "నెలాఖరుకు అది ఖాళీగనే ఉంటది."

శ్రమపట్టీ గడియారాన్ని నమ్మదు. ఒళ్లు ఎంత అలిసిందో కొలిచి, దాన్నిబట్టి పనిగంటలు రాస్తుంది. ఎనిమిది గంటలు దాటిన అలసటకు రెట్టింపు జీతం. అందులో కొంత పింఛను ఇచ్చే విశ్రాంతి నిధికి పోతుంది, విశ్వవిద్యాలయం అంతే కలుపుతుంది. అలసట లేని గంటను మాత్రం ఊరికే కూర్చున్న గంటగా జమకడుతుంది.

హైమవతి ఆ నెల పదవీ విరమణ చేసేవాళ్ల జాబితా తెరిచింది. మూడు పేర్లు. రెండు పచ్చగా ఉన్నాయి. మూడోది ఎర్రగా ఉంది. కొమురమ్మ, ఉద్యాన శాఖ, మామిడి అంట్లు కట్టే పని, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. నెలనెలా పింఛను రావడానికి పదకొండు గంటలు తక్కువ.

గేటు రిజిస్టరు తీసి చూసింది. మూడు వానాకాలాలుగా ఆమె రోజూ సాయంత్రం ఏడింటికి గానీ బయటికి వెళ్లలేదు. ఆ అదనపు గంటలు రెండు వందల పైమాటే. శ్రమపట్టీ అన్నిటికీ 'విశ్రాంతి' అనే రాసింది.

హైమవతి తోటకు వెళ్లింది.

కొమురమ్మ పీట మీద కూర్చుని ఉంది. మొక్క తల కోసి, కాండాన్ని చీల్చి, ఆ చీలికలో మంచి మామిడి పుల్ల దించి, నాడాతో చుట్టి పక్కన పెడుతోంది. మాట్లాడుతున్నా చేతులు ఆగడం లేదు.

"ఇంక రెండు రోజులున్నయి అక్కా," అంది హైమవతి. "అందరి లెక్క నువ్వూ మెట్లెక్కితే పదకొండు గంటలు వచ్చేస్తయి."

"మోకాళ్లు ఒప్పుకోవు మేడమ్. ఒప్పుకున్నా నాకు సిగ్గనిపిస్తది. ఏ పనీ చెయ్యకుంట ఆయాసం తెచ్చుకుంటే అది పనెట్లయితది?"

"మరి పింఛను?"

కత్తి అప్పుడు ఆగింది.

"క్వార్టర్ ఖాళీ చేసి మా చెల్లె ఇంటికి పోవాలె. ఒట్టి చేతుల్తోటి పోయినా అది ఏమనదు. నాకే ముద్ద దిగదు."

హైమవతి కాసేపు ఆ చేతుల్ని చూసింది. "ఇటియ్యి, నేనొకటి కడత," అంటూ చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. మొదటి మొక్క చీలిపోయింది. రెండోది విరిగింది. మూడోదానికి బొటనవేలు తెగింది. నుదుట చెమట పట్టింది. ఆమె శ్రమపట్టీ గుయ్యిమని, ఇరవై నిమిషాల పనికి నలభై నిమిషాలు రాసింది. ఆలోపు కొమురమ్మ తొమ్మిది అంట్లు కట్టింది. ఆమె పట్టీ మీద 'విశ్రాంతి' అన్న మాట కదల్లేదు.

"నీకైతే ఓటీ పడ్డది మేడమ్!" అని కొమురమ్మ పకపకా నవ్వి, ఆ వేలికి నాడా ముక్క చుట్టింది.

తిరిగొచ్చి హైమవతి 'మానవ సాక్ష్యం' పత్రం తెరిచింది. పదకొండేళ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు. ఒక అధికారి కళ్లారా చూశానని రాస్తే యంత్రం గడియారపు గంటల్ని ఒప్పుకోవాలి. సాక్షి విశ్రాంతి నిధే దానికి హామీ.

"తప్పని తేలితే మీ పైసల్లకెల్లి కోస్తది," అన్నాడు సారంగపాణి. "ఇంక ఆరేండ్ల సర్వీసే మిగిలింది మీకు. ఎందుకు మేడమ్?"

"చూసొచ్చిన కదా."

కారణం అడిగినచోట మూడు గళ్లున్నాయి: పట్టీ లోపం, అనారోగ్యం, ప్రకృతి వైపరీత్యం. ఆమె మూడూ వదిలేసి కింద రాసింది: 'ఈమెకు పని బాగా వచ్చు. అందుకే అలసట కనపడలేదు.'

తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. తర్వాత కొమురమ్మ పేరు పచ్చబడింది. సారంగపాణి ఊపిరి వదిలేలోపే ఇంకో ప్రశ్న వచ్చింది.

'ఈ కారణం మరో ఆరువందల పన్నెండు మందికి వర్తిస్తుంది. అందరికీ వర్తింపజేస్తే, తిరిగి లెక్క తేలేవరకు విశ్వవిద్యాలయం జీతాలన్నీ ఆగుతాయి. ఒక్కరికే పరిమితం చేయాలా?'

కింద పేర్లు కదులుతున్నాయి. మెస్సులో రొట్టెలు చేసే ఆమె, పుస్తకాలు కుట్టే ఆయన, ప్రయోగశాలలో గాజు గొట్టాలు ఊదే ఆయన, ఊడ్చేవాళ్లు.

"ఒక్కరికే అనుండ్రి," అన్నాడు సారంగపాణి. "ఆమె పని అయిపాయె. ఎల్లుండి మన జీతాలొస్తయి."

హైమవతికి ఇంటి కిస్తు గుర్తొచ్చింది. ఐదో తారీఖు కట్టాలి. అయినా 'అందరికీ' అన్నదాన్నే నొక్కింది.

రెండు నిమిషాల్లో ఉపకులపతి కార్యాలయం నుంచి ఫోను మోగింది. సారంగపాణి చేతులు వెనక్కి తీసుకున్నాడు. హైమవతే ఎత్తింది.

"అవును సార్, నేనే ఆపాను," అంది. "కొంచెం టైం పడుతుంది. ఆరువందల పన్నెండు మంది గంటలు చూడాలి."