సుందర్ రాజ్ గారి సిమెంటు గోడ

గ్రేసీకి తండ్రి మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. పాపం, సుందర్ రాజ్ గారు అరవై మూడేళ్ళలో ఒక్క తప్పూ చెయ్యలేదు, అంతే. స్టీల్ ప్లాంటు మోతలో ముప్పై ఏళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్నా, తనకు బాగానే వినపడుతుందనీ, లోకమే గొణుగుతోందనీ ఆయన వాదన.

పాత ఊళ్ళో కతీడ్రల్‌కి తాతలనాటి సున్నపు గోడలు. రిటైరయ్యాక ఆయన దగ్గరుండి బలిపీఠం పక్క గోడకు సిమెంటు పూయించారు. అప్పట్నుంచి ప్రతి వానాకాలం ఆ గోడకు చెమటలు. పూజకొచ్చినవాళ్ళ నెత్తిన రంగు పెచ్చులు. "సముద్రం గాలి," అంటారాయన. మిగతా గోడలకూ అదే గాలి కదా అని ఎవరూ అనలేదు.

మరమ్మతులకొచ్చిన ఇంజనీర్ జాక్సన్ అన్నాడు.

"సున్నం గోడ ఊపిరి పీలుస్తాదంకుల్. మీరు సిమెంటుతో ముక్కు మూసేసారు."

"గోడకి ముక్కేటి? ఏటి సదివేవు నువ్వు?"

గ్రేసీ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. జాక్సన్ చూశాడు. ఆ రోజు కొలతలన్నీ తప్పు రాసుకున్నాడు.

వారం తిరక్కుండా టేపు రెండో కొస గ్రేసీ చేతికొచ్చింది.

"ఈ ఆర్చీ నిన్న కొలిసేరు కదా?"

"నిన్న మీరు నవ్వేరండి. లెక్క పోయింది."

రంగుటద్దాల కిటికీలోంచి ఎర్రటి వెలుగు పడబట్టి ఆమె సిగ్గుకు ఒక సాకు దొరికింది.

పెళ్ళి మాటెత్తగానే సుందర్ రాజ్ గారు తేల్చేశారు. "నా గోడ తప్పన్నోడికి పిల్లనివ్వను."

జాక్సన్ ఆ గోడకే తలుపంత మేర సిమెంటు ఒలిపించి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపిన సున్నం పూయించాడు.

"గోడకి పాయసం పెడతన్నాడు!" అని ఆయన ఊరంతా చెప్పుకున్నారు.

వానలొచ్చాయి. సిమెంటు మామూలుగానే చెమటలు కక్కింది. తలుపంత సున్నం మాత్రం పొడిగా ఉంది. ఆయన రోజూ వచ్చి, ఎవరూ చూడకుండా అక్కడ అరచెయ్యి ఆన్చి చూసుకునేవారు. ఇంట్లో మాత్రం సముద్రం గాలినే తిట్టేవారు.

శనివారం సాయంత్రం ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనకు ముప్పై మంది వరుస కట్టారు. చివర్న గ్రేసీ, ఆమె వెనకే జాక్సన్. అందరికంటే ముందు సుందర్ రాజ్ గారు. ఆయన తెర ముందు మోకరించి, ఫాదర్ చెవిలో గుసగుసలాడుతున్నాననుకుని, ప్లాంటు గొంతుతో మొదలెట్టారు.

"ఫాదర్, గోడ ఇసయంలో తప్పు నాదే! ఆ కుర్రోడు సెప్పిందే రైటు! మా పిల్లకి ఆడే తగినోడు! ఇంట్లో సెప్పడానికి నోరు రాక మీకు సెప్తన్నాను... ఎవులికీ సెప్పకండి!"