భవాని ఇంటి తొలికాపు

పొద్దున్నే వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తున్న నాగక్కకు చేతులు పనిమీద లేవు. పూలు ఒకచోట కుప్పగా, ఇంకోచోట పలచగా పడుతున్నాయి. అరుగు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్న జంపయ్య భార్య వాలకం చూస్తూనే ఉన్నాడు. చూసి ఊరుకునే మనిషి కాడాయన.

"నీ చెల్లె జూలూరుపాడుల దిగి వారమాయె. పూలు ఆరబోసుడెట్లాగూ చేతనైతలేదు, లేచి ఒక ఫోనన్న చేయరాదు?"

"చేస్తే ఎత్తుతదా?"

"ఎత్తకపోతే మళ్ళ చేయాలె."

"నిన్న నువ్వు చేసినవు కదా. ఏమన్నది?"

జంపయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. "అత్తకు పానం బాగలేదట. తీరిక లేదన్నది. నీ ముచ్చటయితే అడగలే" అన్నాడు మెల్లగా.

నాగక్క వంగి మళ్ళీ పూలు చదును చేయసాగింది. ఆ మాట గుండెలో ముల్లులా దిగబడింది గానీ పైకి తేలలేదు.

భవాని పేరుకే చెల్లెలు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు నడక కూడా సరిగ్గా రాదు. పెళ్ళై దుమ్ముగూడెం దగ్గరి ఈ గూడేనికి వస్తూ నాగక్క చెల్లెల్ని చంకన వేసుకొనే వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తూ, ఆ బడిలోనే చదివించింది. తనకు పిల్లలు లేరన్న దిగులును మరిపించింది కూడా ఆ పిల్లే. భవాని నర్సు చదివింది, జూలూరుపాడు వీరబాబును చేసుకుంది, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ అనే ఊళ్ళో దవాఖానాలో కుదురుకుంది. అక్కడికి పోయిన దగ్గర్నుంచీ ఆమెది ఒకటే పోరు, "అక్కా, నువ్వొచ్చి మా ఇల్లు చూడాలె" అని. చివరికి కిందటి డిసెంబరులో అక్కాబావలిద్దరినీ విమానం ఎక్కించి తీసుకుపోయింది.

ఆ మొదటి రోజుల్లో ఉన్నంత సంతోషంగా నాగక్క ఎన్నడూ లేదు. సముద్రాన్ని ఆమె మొదటిసారి చూసింది అక్కడే. గోల్డ్ కోస్ట్ అనే తీరంలో ఇసుక పొడుగునా మబ్బుల్ని తాకే మేడలున్నాయి. అందరూ వాటిని నోరు తెరిచి చూస్తుంటే నాగక్క అటు తిరిగి కూడా చూడలేదు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకొని, భవాని కూతురు శ్రావణి చెయ్యి పట్టుకొని, అల వచ్చినప్పుడల్లా కేక పెట్టి వెనక్కి పరుగెత్తింది. ఇంకో రోజు కంగారూ అరచేతిలో గింజలు తింటుంటే జంపయ్య "కడుపుకే సంచి ఉన్నది, అంగడికి తోలుకపోతే పనికొస్తది" అని అందర్నీ నవ్వించాడు. కొమ్మను కరుచుకొని పగలంతా పడుకునే కోలాను చూపించి "నీకంటే నయం, అది గురకన్నా పెట్టదు" అని నాగక్క మొగుడికి అంటించింది. ఊరి నడుమ నదిలో పెద్ద పడవ ఎక్కారు. సంక్రాంతి ముందు రోజుల్లో మాడు మండే ఎండేమిటో, సాయంత్రమైతే ఆకాశం నిండా గద్దలంతేసి గబ్బిలాలేమిటో వాళ్ళకు ఒక పట్టాన అర్థం కాలేదు.

తిరిగొచ్చాక జంపయ్య ఈ ముచ్చట్లన్నీ పూజారి సీతయ్య దగ్గర కూర్చొని చెప్పిందే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కంగారూ ఇంకాస్త పొడుగైంది. కానీ కొండ మీది అడవికి పోయిన రోజు ముచ్చట మాత్రం ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

గూడెంలో మామిడి పండుగ కానిదే కొత్త మామిడిని ఎవరూ నోట పెట్టరు. అడవితల్లికి, పోయిన పెద్దలకు ముందు పెట్టి దండం పెట్టుకుంటారు. ఆ తర్వాతే మనుషులకు. ఎవరైనా ముందే తింటే ఇంట్లో పసిపిల్లలకు కీడని నాగక్క పుట్టిన దగ్గర్నుంచీ విన్నది, నమ్మింది.

ఆ రోజు వీరబాబు స్నేహితుల కుటుంబాలు రెండు కూడా వెంట వచ్చాయి. ఎండ కింద పడని దట్టమైన అడవి అది. తొడ లావు తీగలు చెట్లను చుట్టుకొని ఉన్నాయి. అడుగున చల్లని వాగు పారుతోంది. ఆ వాగు ఒడ్డున చాప పరిచి భవాని బుట్ట మూత తీసింది. నిండా మామిడిపండ్లు, అక్కడి ఎండలకు డిసెంబరులోనే మాగినవి. "మా పెరట్ల చెట్టువి అక్కా, తొలికాపు" అని ఆమె అంటూనే ఉంది, ఈలోగా శ్రావణి ఒక పండు తీసి పైకెత్తింది.

నాగక్క ఒక్క దెబ్బ వేసింది. పండు రాళ్ళ మీద పడి చితికిపోయింది. పిల్ల చెయ్యి ఎర్రగా కందింది. "పండుగ కాకముందే పసిదాని చేతికిస్తవా? సముద్రం దాటంగనే మన కట్టు మరిచినవా? నిన్ను పెంచుడే నాది తప్పు!" అంది అందరి ముందూ.

భవాని బుట్ట మూసి కారులో పెట్టింది. తర్వాత చూడాల్సినవన్నీ చూశారు గానీ, ఎవరి మానాన వాళ్ళు చూశారు. ఆ రోజుల ఫోటోల్లో అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడింది ఒక్కటీ లేదు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లన్నీ జంపయ్యకే.

పిల్లను కొట్టినందుకు నాగక్క ఏడవని రోజు లేదు. కానీ అన్న మాట తప్పని మాత్రం ఆమెకు తోచలేదు. పిల్ల బాగు కోరే కదా అన్నాను అని తనకు తానే సర్దిచెప్పుకొనేది.

ఇప్పపూల పని ఇంకా తెమలనే లేదు, వాకిలి ముందు ఆటో ఆగింది. ముందు శ్రావణి దిగింది, ఆ వెనుక భవాని. నాగక్క పైకి లేచింది గానీ, ఎదురు పోవాలో వద్దో తెలియక అక్కడే నిలబడిపోయింది.

"బావా, బాగున్నవా?" అంది భవాని జంపయ్య వైపే చూస్తూ. "ఆటోను ఉండమన్న. జల్దీ పోవాలె. ఎల్లుండే మా ప్రయాణం. పాప మిమ్మల్ని చూస్తనని ఒకటే ఏడుపు, అందుకే వచ్చిన."

"కూసో" అంది నాగక్క.

"కూసునే తీరిక లేదు."

"జూలూరుపాడుల వారం నుంచి కూసునే ఉన్నవు కదా."

"మా అత్త దగ్గర కూసున్న. ఆమె పదిమందిల నా ఇజ్జత్ తీయలే."

జంపయ్య చుట్ట పక్కన పెట్టాడు. నాగక్క ముఖం జేవురించింది. "అక్క ఒక మాట అంటే ఇన్ని నెలలు పట్టుకొని ఉంటరా?"

"ఒక మాటనా అక్కా? నన్ను పెంచుడే తప్పన్నవు. డ్యూటీల ఉన్నా అదే యాదికొస్తది, వంట చేస్తున్నా అదే యాదికొస్తది. నాకు అమ్మ మొఖం తెల్వదు. నాకు తెలిసిన అమ్మవు నువ్వే. నువ్వే గట్ల అంటివి."

"పిల్లకు కీడైతదని భయపడి అన్న."

"భయమైతే అడగొచ్చు కదా! ఏందే భవానీ ఇది అని ఒక్కమాట అడిగినవా?"

"అడిగేదేమున్నది? కండ్లతోటి చూస్తి కదా."

"ఏం చూసినవు? చెప్పు, ఏం చూసినవు?"

పిల్ల బిక్కముఖం వేసుకొని తల్లి కొంగు పట్టుకుంది. జంపయ్య అరుగు దిగి వచ్చాడు. "మీ పంచాయితీ ఎటూ తెగదు గని, పిల్ల ఎండల పడి వచ్చింది. దానికేమన్న పెట్టుండ్రి ముందు" అని కసిరాడు.

ఆ మాట దొరకడమే చాలన్నట్టు నాగక్క లోపలికి పోయింది. గడ్డిలో మగ్గేసిన వాటిలోంచి మంచి పండు ఏరి, కోసి, పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మోకాళ్ళ మీద కూర్చొని ఒక ముక్క శ్రావణికి అందించింది.

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. తల్లి వైపు చూసి, తర్వాత నాగక్కను అడిగింది. "దండం పెట్టిండ్రా పెద్దమ్మా?"

నాగక్క తెల్లబోయింది. "పెట్టినం తల్లీ. మొన్ననే సీతయ్య తాత పండుగ చేసిండు. తిను. గిదంతా నీకెవరు చెప్పిండ్రు?"

"అమ్మ. మా చెట్టు పండ్లు మేమెవ్వరం తినలేదు. పెద్దమ్మ వచ్చి దండం పెట్టాలె, అప్పుడే తినాలె అని చెప్పింది. నేను వాసన ఒక్కటే చూసిన."

"మరి ఆ దినం నువ్వు పండు తీసినవు కదా బిడ్డా, తినబోతివి కదా?"

"తినలేదు పెద్దమ్మా. నీకే ఇయ్యబోయిన. పెద్దమ్మ చేతిల నువ్వే పెట్టు అని అమ్మ చెప్పింది."

నాగక్క చేతిలోని పళ్ళెం పక్కకు ఒరిగింది. జంపయ్య అందుకోకపోతే ముక్కలన్నీ మట్టిపాలయ్యేవి. ఆమె తలెత్తి చెల్లెల్ని చూసింది. భవాని పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

"అక్కడ గూడెం లేదు, పూజారి లేడు" అంది భవాని. "మా ఇంటికి పెద్దదానివి నువ్వే. పాప పుట్టిన ఏడు పెట్టిన చెట్టది. కాసిందనే నిన్ను డిసెంబర్ల రమ్మన్న. పెరట్లనే పెట్టుకుందామని మీ మరిది అన్నడు. కాదు, మా అక్కకు అడవి కావాలె, అడవితల్లి ముంగటనే పెట్టాలె అన్న. వెతికి వెతికి ఆ వాగు ఒడ్డు చూసిన, మన వాగు లెక్కనే ఉన్నదని. పసుపు, బియ్యం గూడ బుట్టల పండ్ల కిందనే ఉండె."

"అయ్యో! నాకొక్క మాట చెప్పకపోతివే!"

"చెప్పబోతనే ఉన్న. నువ్వు చెప్పనిచ్చినవా? తర్వాత నేను గూడ మొండికేసిన. అంత మాట అన్నంక నేనేంది చెప్పుకునేది అనుకున్న. అది నాది తప్పే."

"మిగిలిన పండ్లేం చేసినవే?"

"పెట్టకుండ ఎట్ల తింటమక్కా? మాగినయి మాగినట్టు రాలినయి. కొన్ని గబ్బిలాలు తిన్నయి. పొద్దున లేచి ఊడ్చిపోసుడే నా పనాయె. ఒక్కటన్న తిందామని మీ మరిది బతిమిలాడిండు. నేను తిననియ్యలే."

కట్టు మరిచిందని తాను ఎవరిని తిట్టిందో, ఆ చెల్లెలే గూడెం లేని చోట, చూసేవాళ్ళు లేని చోట, ఎదురుగా మాగి రాలుతున్న పండును కూడా ముట్టలేదు. తాను నేర్పింది ఒక్కటీ జారవిడవలేదు. నాగక్కకు పెంచుడే తప్పన్న మాట చెవుల్లో మోగింది. ఇన్నాళ్ళూ పక్కన పెట్టుకొని సమర్థించుకున్న ఆ మాటను ఇప్పుడు మింగలేక, కక్కలేక ఉండిపోయింది.

"వచ్చే డిసెంబర్ల నేనే వస్త భవానీ. రెక్కలు ముక్కలు చేసుకొనన్న వస్త. నా చేతుల తోటే పెడత. మళ్ళ కాస్తది కదా చెట్టు?"

భవాని తల అడ్డంగా ఊపింది. "అది కిరాయి ఇల్లక్కా. అమ్మేసిండ్రు. కొత్త మేడ కడతరట, పెరడంతా చదును చేసిండ్రు. చెట్టు లేదిప్పుడు."

నాగక్క అక్కడే, ఇప్పపూల పక్కన, నేల మీద చతికిలబడింది. ఇంకో చెట్టు పెట్టొచ్చు, ఇంకో కాపు రావొచ్చు. కానీ పాప పేరున పెట్టిన చెట్టుకు తొలికాపు రెండోసారి రాదు. అది తన కోసమే ఆగి, తన మూలంగానే మట్టిలో కలిసింది. ఇక ఏ దండమూ దాన్ని వెనక్కి తేలేదు.

"తప్పైంది చెల్లే" అంది. పెద్దదైన నాటినుంచీ ఎవరితోనూ అనని మాట అది. "నోరు పారేసుకున్న. సముద్రం దాటంగనే నన్ను, మన కట్టును మరిచినవనుకున్న. అందుకే గట్ల మాట వచ్చింది."

భవాని వచ్చి అక్క పక్కన కూలబడి భుజం మీద తల పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. నాగక్క ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయింది. జంపయ్య మెల్లగా వాకిలి దాటి, ఆటోను పొమ్మని చెప్పి వచ్చాడు. "పొద్దుగూకినంక నేనే దింపొస్త. ఇయ్యాల ఈడనే బువ్వ తింటరు" అన్నాడు ఎవరినీ అడక్కుండానే.

కాసేపటికి నాగక్క కళ్ళు తుడుచుకొని శ్రావణిని దగ్గరికి రమ్మంది. పిల్ల వచ్చి ముందు నిలబడింది.

"బిడ్డా, ఆ దినం నేను కొట్టింది ఏ చెయ్యి?"

శ్రావణి తన చేతుల వంక చూసుకుంది. కుడిచెయ్యి తిప్పి చూసింది, ఎడమచెయ్యి తిప్పి చూసింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"యాదికి లేదు పెద్దమ్మా" అని రెండు చేతులూ చాపింది.

ఆ రెండు చేతులూ పట్టుకొని కళ్ళకు అద్దుకొని, నాగక్క గొల్లుమంది.