ఇరవై నిమిషాల కీర్తన

వీరస్వామి లోపలికి అడుగు పెట్టేసరికి ఆమె పొయ్యి ముందు నిలబడి పాడుతోంది.

కిరసనాయిలు పొయ్యి మీద గిన్నె. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. నీళ్ళలో గాజు సిరంజీలు, సూదులు. తార్నాక చౌరస్తా వెనక సందులో ఉన్న ఆ చిన్న మిషన్ దవాఖానాకు అప్పటికి రోగులెవరూ రాలేదు. వాన మాత్రం వచ్చింది. అతనితోపాటు గడప దాటి రెండడుగులు లోపలికి కూడా వచ్చింది.

"సిస్టర్," అన్నాడు.

ఆమె తిరిగి చూడకుండానే చెయ్యెత్తి ఆగమంది. పాట ఆపలేదు.

ఆరోగ్యశాఖ తనిఖీ విభాగంలో చేరి అతనికి ఏడాది కాలేదు. ఈ కొద్దికాలంలోనే అతన్ని చూసి డాక్టర్లు లేచి నిలబడ్డారు, కాంపౌండర్లు టీ తెప్పించబోయారు. చెయ్యెత్తి ఆగమన్నవాళ్ళు లేరు. తడిసిన చొక్కాతో పాటయ్యేదాకా నిలబడ్డాడు. పాట పెద్దది.

చివరికి ఆమె మంట తగ్గించి ఇటు తిరిగింది. "ఇంజెక్షనా అండీ? చీటీ తెచ్చుకున్నారా?"

"ఇన్‌స్పెక్షన్."

"అయ్యో. ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్పనిస్తె గద."

ఆమెకు నవ్వొచ్చింది. దాచుకోవాలన్న ప్రయత్నమైనా చేయలేదు. పేరు ప్రమీల అని చెప్పింది. ఊరు బాపట్ల దగ్గర. తండ్రి సుందరరావు ఇక్కడే చర్చి బడిలో మాస్టారు.

వీరస్వామికి ఊరూ తండ్రీ అక్కర్లేదు. "ఎంతసేపు మరిగించిన్రు?"

"ఇరవై నిమిషాలు."

"గడియారం ఏది?"

"ఉండేదండీ. ఆగిపోయింది. బాగుచేయిస్తానని ఒకాయన కాచిగూడ పట్టుకెళ్ళాడు. గడియారమూ రాలేదు, ఆయనా రాలేదు."

"మరి ఇరవై నిమిషాలని ఎట్ల తెలుసు?"

"పాడాను కదా."

ఎగతాళి అనుకున్నాడు. కాదు. ఆమె పని నేర్చుకున్న కోస్తా మిషన్ ఆసుపత్రిలో పద్ధతే అది. కీర్తన అన్ని చరణాలతో రెండుసార్లు పాడితే సిరంజీలు మరిగినట్టు. అక్కడి పెద్ద సిస్టర్ అలాగే నేర్పింది. పొయ్యి దగ్గర ఒకరు పాడుతుంటే వార్డంతటికీ టైము తెలిసేది.

"రూల్ల గడియారం అని ఉన్నది," అన్నాడు వీరస్వామి. "పాట అని లేదు."

"మీ చేతికి వాచీ ఉందిగా. పెట్టి చూడండి."

ఇంకో గిన్నె పెట్టింది. నీళ్ళు తెర్లగానే పాట ఎత్తుకుంది. అతను బల్ల మీద కూర్చుని వాచీకేసి చూశాడు. చివరి చరణం ముగిసేసరికి ముల్లు సరిగ్గా ఇరవై నిమిషాలు నడిచింది. వాచీని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. బాగానే నడుస్తోంది.

మూలన నేల తుడుస్తున్న బుచ్చవ్వ నడుము ఎత్తింది. ఆ దవాఖానా పుట్టినప్పటినుంచీ అక్కడ ఊడ్చేది ఆమే. "గడియారానికైతే దినాం చావి తిప్పాలె సారూ. మా సిస్టరమ్మకు ఇంత ఛాయ్ పోస్తె చాలు."

అయినా వీరస్వామి రాసుకున్నాడు: గడియారం లేదు.

ఆ మాట చిన్నది కాదు. హాస్టళ్ళు తెరుస్తున్నారు. యూనివర్సిటీ క్యాంపస్ పిల్లలందరికీ కలరా ఇంజెక్షన్లు వేయాలి. దవాఖానా తనిఖీలో నెగ్గితే ఆ పని ఇక్కడికి వస్తుంది. నెగ్గకపోతే, రోగులు లేని దవాఖానా ఎందుకని మిషన్ వాళ్ళు వానాకాలం పోగానే మూసేస్తారు. ప్రమీలను తిరిగి బాపట్ల వైపు పంపేస్తారు. ఇదంతా బుచ్చవ్వ అతన్ని వాకిలిదాకా సాగనంపుతూ చెప్పింది. అతను అడగలేదు.

ఆఫీసులో అతని పై అధికారి లక్ష్మయ్య. నవ్వడం ఎప్పుడో మానేసిన మనిషి. అంతా విని, "పాట మంచిగుంటదా?" అన్నాడు.

"సార్?"

"అడిగింది చెప్పు."

"మంచిగుంటది సార్."

"అయితే ఇంకో రెండు మాట్ల పో. చెప్పకుంట పో. ఒక్కసారి చూసి మంచిగున్నదని రాసేటోనికి ఈ నౌకరి ఎందుకు?"

రెండోసారి వెళ్ళేసరికి, గడియారం లేదని అతను రాసిన సంగతి ఆమెకు తెలిసిపోయింది. పలకరింపు లేదు. పొయ్యి ముందు నిలబడి ఒక్కో చరణాన్నీ సాగదీసి, విరిచి, అతని మీదికి విసిరినట్టు పాడింది.

"కోపమొచ్చినట్టున్నది," అన్నాడు పాటయ్యాక.

"నాకేం కోపం లేదండీ."

"ఉన్నది. రెండు నిమిషాలున్నది." వాచీ చూపించాడు.

ఆమె వాచీ చూసింది, అతన్ని చూసింది. కోపం పట్టి ఉంచడం ఆమెకు చేతకాదు. నవ్వేసింది. మరిగింది ఎక్కువైతే తప్పు లేదని అతను రాసుకున్నాడు. రాసుకోవడానికి అంతసేపు అక్కర్లేదు. కూర్చున్నాడు.

ఆ వారంలోనే విద్యానగర్‌లోని తన గది నుంచి క్యాంపస్ మీదుగా నడిచి వస్తుంటే ఆమె కనబడింది. ఆడపిల్లల హాస్టల్‌లో ఎవరికో జ్వరమట, చూసి వస్తోంది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో గొడుగు. ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల మీద వాన ధారకట్టి దిగుతోంది. వీరస్వామికి గొడుగు లేదు.

"రండి, తడుస్తున్నారు."

"వద్దు. తనిఖీ చేసే జాగల మేం ఏం తీసుకోవద్దు."

"గొడుగు ఇవ్వట్లేదండీ. నీడే ఇస్తున్నాను."

"నీడ గూడ."

"అయితే వాన తీసుకోండి. అది మాది కాదు."

చౌరస్తాదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఆమె గొడుగులో, అతను వానలో. దారిపొడుగునా స్టూడెంట్లు తిరిగి తిరిగి చూశారు. గొడుగులో చోటుండగా తడిచే మగవాణ్ణి ఆ క్యాంపస్‌లో అంతకుముందెవరూ చూసినట్టు లేదు. చౌరస్తాలో అతను తుమ్మాడు.

"ఈ తుమ్ము ఎవరి ఖాతాలో రాసుకుంటారు?" అంది ప్రమీల.

మూడోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద జ్వరం సూదికి వచ్చిన నలుగురు స్టూడెంట్లు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. ప్రమీల అతన్ని చూసి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, టోపీ సర్దుకుంది, పాడింది. పాడుతూ రెండుసార్లు ఇటు చూసింది. పాటయ్యాక అతను వాచీని రెండుసార్లు చూశాడు.

"ఏంటండీ?"

"పదహారే."

ఆమె ముఖంలో రంగు పోయింది. గిన్నెను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది. స్టూడెంట్ల వైపు తిరిగి, "ఇంకాసేపు కూర్చోండి బాబూ," అంది. ఆపైన అతనితో, "రాయండి," అంది.

"రాస్తే ఏమైతదో తెలుసా?"

"తెలుసు. రాయండి."

"ఒక్కసారి తప్పింది. మొదటిసారి నేనే చూసిన, మంచిగ..."

"మీరు నా ముఖం చూసి వదిలేస్తే, రేపు ఇంకెక్కడో ఇంకొకరి ముఖం చూసి వదిలేస్తారు. సూది గుచ్చేది ఈ పిల్లలకి. రాయకపోతే మీరిక ఇటు రావద్దు."

రాశాడు. అక్షరాలు వంకరగా పడ్డాయి. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే బుచ్చవ్వ పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "నువ్వు రాని దినం పాట నడుస్తది బిడ్డా. నువ్వొస్తెనే ఉరుకుతది."

అతని గుండె కూడా కొంచెం ఉరికింది. కానీ విన్నది రాయకూడదు, చూసింది రాయాలి. మర్నాడు దవాఖానా వెనకగోడ దగ్గర, కిటికీ కింద, వాచీ మీద చేతిరుమాలు కప్పుకుని వానలో నిలబడ్డాడు. లోపల పాట మొదలైంది. నిదానంగా, నిండుగా సాగింది. ఇరవై. ఆ తర్వాతి రోజూ నిలబడ్డాడు. మళ్ళీ ఇరవై. అటుగా పోయే గేదెలవాడు ఇతన్ని చూసి, దొంగ అనుకోవాలో పిచ్చివాడు అనుకోవాలో తేలక, తన గేదెల్ని కొంచెం దూరంగా తోలుకుపోయాడు.

రిపోర్టు లక్ష్మయ్య ముందు పెట్టాడు. లక్ష్మయ్య పైకే చదివాడు.

"‘గడియారం లేదు. ఒక రోజు నాలుగు నిమిషములు తగ్గినది. తనిఖీ అధికారి గదిలో లేనప్పుడు తగ్గుట లేదు. కావున గడియారము పెట్టించవలెను. తనిఖీ అధికారిని మార్చవలెను.’ ఇదేందిరా?"

"చూసింది రాసిన సార్."

"పాట ఉరికింది ఆమెది. నిన్నెందుకు మార్చాలె?"

"నాది గూడ తప్పుతున్నది సార్. ఆమె పాడుతుంటె వాచీ చూసుడు మరుస్తున్న. ఆ దవాఖాన మీద నా మాట ఎవరూ నమ్మద్దు."

లక్ష్మయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను పోత. గడియారం వాళ్ళనే కొనుక్కోమంట. ప్రేమ పొంగిపొర్లి నువ్వు కొనియ్యకు. ఫైలు నీది కాకున్నా శాఖ నీదే."

అతను వెళ్ళొచ్చేదాకా వీరస్వామి రెండు రోజులు తార్నాక వైపు తొంగి చూడలేదు. బస్సు కూడా వేరే దారిన ఎక్కాడు. మూడో రోజు లక్ష్మయ్య, "నెగ్గింది. గోడకు గడియారం పెట్టిన్రు," అని మాత్రం అన్నాడు. అక్కడితో ఆగలేక, "పాట మంచిగనే ఉంటది," అని కలిపాడు.

ఆ సాయంత్రం క్యాంపస్ రోడ్డు మీద ప్రమీల ఎదురైంది. అదే సంచి, అదే గొడుగు. వాన కూడా అదే.

"మీ పెద్దసారు ముందు పాడానండీ. ఇరవై. గడియారమూ ఒప్పుకుంది. ఆయన ముఖం చూస్తూ తొందరపడాలని ఎవరికి అనిపిస్తుంది?"

"ఇప్పటిసంది ఆ దవాఖాన నా చేతిల లేదు," అన్నాడు వీరస్వామి. "నేనే ఒద్దన్న."

"విన్నాను. ఎందుకు వద్దన్నారో కూడా చదివి వినిపించాడు. అందరి ముందూ."

వీరస్వామి చెవులు ఎర్రబడ్డాయి. అయినా అడగాల్సింది అడిగాడు. "మరి నా ముందర పాట ఎందుకు ఉరికింది?"

ఆమె గొడుగు కర్రను రెండు చేతులతో పట్టుకుంది.

"తొందరగా అయిపోతే," అంది, "మీతో మాట్లాడొచ్చని."

అతను వంగి గొడుగులోకి వచ్చాడు. గొడుగు చిన్నది. ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

సుందరరావు మాస్టారు అతన్ని ఇంటికి పిలిపించి కుర్చీ చూపించాడు. "మావాళ్ళు ఒప్పుకోరు బాబూ."

"మావోళ్ళు గూడ ఒప్పుకోరు సార్."

"అందరూ ఒప్పుకునేదాకా ఆగే ఓపిక నాకు లేదు. మా అమ్మాయికి అసలే లేదు. దాని పాట చూశావుగా." అంతటితో మాటలు ముగించి కాఫీ తెమ్మన్నాడు. ఆ ఇంట్లో వీరస్వామి తాగిన మొదటి కాఫీ అది.

జనగామ వైపు పల్లె నుంచి అతని తల్లి సారలమ్మ ముఖం గంటు పెట్టుకుని వచ్చింది. పిల్లను ఎగాదిగా చూసింది. "పాట వస్తదట గద."

"వచ్చండీ."

"నాట్లేసేకాడ మాకు పాడెటోళ్ళు తక్కువైన్రు," అంది సారలమ్మ. "ఉరికే పాటయితే ఇంకా మంచిది. మడి జల్ది తెములుతది."

వీరస్వామి ఆ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాడు. జిల్లా ఆసుపత్రులు, నర్సింగ్ హోములు, తర్వాతి రోజుల్లో అద్దాల గోడల పెద్ద ఆసుపత్రులు అన్నీ తిరిగాడు. ఎక్కడికెళ్ళినా ముందు గోడ మీద గడియారం చూసేవాడు. ఎవరి టీ తాగలేదు, ఎవరి ముఖం చూసీ ఏదీ వదల్లేదు. చాలామంది తిట్టుకున్నారు. రిటైరయ్యాక వాళ్ళే, తమ తప్పులు సర్కారు కంటే ముందు తమకు చెప్పమని పిలిపించుకున్నారు.

ఇంట్లో, వంటింటి గోడకూ ఒక గడియారం ఉండేది. ప్రమీల దాని వైపు చూసేది కాదు. గుడ్లు పొయ్యి మీద పెట్టి పాట ఎత్తుకునేది. అతను పీట వాల్చుకుని ఎదురుగా కూర్చునేవాడు. గుడ్డు ఒలిస్తే లోపల సొన ఇంకా జారుతూనే ఉండేది.

"ఉడికిందాండీ?"

"ఉడికింది," అని తినేసేవాడు.

నౌకరీ మొత్తంలో, ఆ తర్వాతా, అతను రాయకుండా వదిలిన లోపం అదొక్కటే.