వెనక సీటు తీసేసిన బండి

మాది తొర్రూరులో ఎరువుల దుకాణం. మా ఇంట్లో బండి అంటే బస్తాలు మోసేదే. అలాంటి ఇంట్లో పుట్టిన మా చెల్లె వర్షిణికి కార్ల రేసుల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో చిన్న చిన్న పోటీల్లో నెగ్గుతూ ఉండేది. ఒకరోజు ఫోన్ చేసింది.

"అన్నా, మద్రాస్ దగ్గర ట్రాక్ మీద కొత్తోళ్లకు రేసు పెడుతున్నరు. సొంత బండి కావాలె. నువ్వు తయారు చేసిస్తవా?"

చేసిస్తానన్నాను. జరిగినదానికి మొదలు ఆ మాటే.

వరంగల్‌లో పాత బండ్ల యార్డు నుంచి ఒక తెల్ల హ్యాచ్‌బ్యాక్ తెచ్చాను. ఇంటి వెనక ఖాళీగా ఉన్న గోదాంలో పెట్టాను. పనికి తోడు వెంకటేశ్. పెద్దవంగర దారిలో అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. మాట తక్కువ, చేతిపని గట్టి.

రేసు బండికి ముందు బరువు తగ్గించాలి. వెనక సీటు పీకేశాం. ఏసీ తీసేశాం. కార్పెట్ లేపితే చెరువు ఎండినప్పటి బురద వాసన గుప్పున కొట్టింది. తలుపు లోపలి అట్ట ఊడదీస్తే దోసెడు సన్నటి ఇసుక జలజలా రాలింది. వెంకటేశ్ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"అన్నా, గిది వాగు ఇసుక. నీళ్లల్ల మునిగిన బండి గిది."

"ఇంజన్ మంచిగనే ఉన్నది కద?"

"ఇంజన్‌దేముందన్నా..." అని చేతికంటిన ఇసుక దులుపుకున్నాడు.

యార్డుకు ఫోన్ చేస్తే, అమ్మిన బండి వాపసు తీసుకునేది లేదన్నారు. మునిగినప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా అని నేను అడగలేదు. నోటిదాకా వచ్చింది. రేసు ఇంకా మూడు వారాలే ఉంది. అడగలేదు.

బండి బోల్తా కొట్టినా నలగకుండా లోపల ఇనుప పైపులతో చట్రం వెల్డింగ్ చేశాం. కిటికీల గాజు బరువని తీసేసి, సుత్తితో కొట్టినా పగలని ప్లాస్టిక్ షీట్లు బోల్టులతో బిగించాం. ఒంటిని పట్టుకునే ఒక్క సీటు ముందు పెట్టాం. దానికి నాలుగు బెల్టులు. రెండు భుజాల మీదుగా, రెండు నడుం మీదుగా వచ్చి పొట్ట దగ్గర ఒక్క బకిల్‌లో కలుస్తాయి. ఏం జరిగినా మా చెల్లె సీట్లోంచి కదలకూడదని ప్రతి బోల్టూ నేనే రెండుసార్లు బిగించాను.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి ఆదివారం వర్షిణి వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. బయట ముసురు. బండి చక్రాలు లేకుండా నాలుగు స్టాండ్ల మీద ఉంది. ఆమె పైపుల మధ్య నుంచి దూరి కూర్చుంది. నేను బెల్టులు లాగి బిగించాను.

"జర లూజ్ చెయ్యన్నా, ఊపిరాడుతలేదు," అని నవ్వింది.

నేను కూడా నవ్వి తలుపు వేశాను. అప్పుడే కరెంటు పోయింది.

చీకటేమీ కాదు. పై రేకుల సందుల్లోంచి బూడిద రంగు వెలుతురు పడుతోంది. రేకుల మీద వాన చప్పుడు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు... బండి లోపల నుంచి. సీసాలోకి నీళ్లు దిగుతున్నట్టు.

"అన్నా." వర్షిణి గొంతు చాలా మెల్లగా వచ్చింది. "కాళ్లకు నీళ్లు తగులుతున్నయ్."

వంగి చూశాను. ఆమె బూట్లు, వాటి కింద రేకు, రెండూ పొడిగా ఉన్నాయి.

"నీళ్లేడియే? దిగు, కరెంటొచ్చినంక చూద్దాం."

తలుపు పిడి లాగాను. పిడి లేచింది. తలుపు రాలేదు. గడియ పడినట్టు కాదు. బయటి నుంచి, నా వైపు నుంచే, ఏదో పెద్ద బరువు తలుపు నిండా ఒత్తుతున్నట్టు... అంగుళం కూడా కదల్లేదు. వెంకటేశ్ అటువైపు తలుపు లాగాడు. అదీ అంతే. వెనక డిక్కీ తలుపూ రాలేదు.

"నడుం దాక వచ్చినయ్," అంది వర్షిణి. బకిల్ నొక్కుతోంది. ఊడడం లేదు. "అన్నా... బకిల్ వస్తలేదు."

సుత్తి తీసుకుని కిటికీ మీద కొట్టాను. షీటు ఊగింది. పగల్లేదు. మళ్లీ కొట్టాను. పగలకూడదనే కదా తెచ్చింది. ముందు అద్దం మీద కొడితే సాలెగూడులా చీలికలు పడ్డాయి, అతుక్కునే ఉంది. వెంకటేశ్ కట్టర్ మిషన్ అందుకున్నాడు. స్విచ్ నొక్కాడు. కరెంటు లేదు. గడ్డపార తెచ్చి తలుపు సందులో పెట్టి ఒరిగాడు. జారిపోయింది.

"యాడీ... యాడీ..." అంటూ వాళ్ల లంబాడీ భాషలో తల్లిని తలుచుకుంటూనే ఒరుగుతున్నాడు.

లోపల వర్షిణి గడ్డం పైకెత్తింది. మెడ సాగదీసింది. పెదాలు పై పైపుకు ఆనించి గాలి పీలుస్తోంది. అప్పుడు ఆమె జుట్టు లేచింది. మెల్లగా... పాయలు పాయలుగా... తల చుట్టూ తేలింది. ఒక్క చుక్క నీరు లేని బండిలో.

నోరు మూసుకుంది. బుగ్గలు ఉబ్బాయి. నన్నే చూస్తోంది. మధ్యలో ఆ షీటు, నా రెండు చేతులూ దాని మీద. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

తర్వాత ఆమె చూపు నా మీద నుంచి మళ్లింది. వెనక్కి. సీటు తీసేసిన చోటికి. ఎవరో పిలిస్తే చూసినట్టు. ఎడమ చెయ్యి మెల్లగా వెనక్కి చాపింది. ఏదో అందుకుని గుండెకు పొదువుకుంది.

తలుపు దానంతటదే వచ్చేసింది. నేను వెల్లకిలా పడ్డాను.

బకిల్ ఒక్క నొక్కుకు ఊడింది. ఆమె బట్టలు పొడి. జుట్టు పొడి. ఊపిరి లేదు. వెంకటేశ్ నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కాడు. నొక్కగా నొక్కగా నోట్లోంచి ఎర్రటి బురద నీళ్లు వచ్చాయి. దగ్గింది.

దవాఖానలో డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఊపిరితిత్తుల్ల ఇసుక ఉన్నది. ఏ వాగుల పడ్డది?"

వెంకటేశ్ బండిని ముక్కలుగా కోసి తుక్కుకు వేశాడు. పైసలు తీసుకోలేదు. మళ్లీ మా ఇంటి వైపు రాలేదు.

నాలుగో రోజు వర్షిణి మాట్లాడింది.

"వెనక ఒకామె ఉండెనన్నా. నీళ్లు ఆమె గొంతు దాక ఉన్నయ్. పిల్లను రెండు చేతుల మీద పైకి లేపి పట్టుకున్నది. చేతులు గుంజుతున్నయ్, జర పట్టుకోమ్మా అన్నది. పట్టుకున్న."

"మరి... ఆ పిల్లేది?"

ఇదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూసింది. తర్వాత తన ఎడమ చేతి వైపు చూసుకుంది. ఆ చెయ్యి ఆ ఆదివారం నుంచి మడిచే ఉంది, గుండె దగ్గర. ఎముక బాగుంది, నరం బాగుంది అన్నారు డాక్టర్లు. నిద్రలో కూడా చాచలేదు. ఆ తర్వాత ఉద్యోగం మానేసింది. నాలుగు నెలలుగా ఇంట్లోనే.

నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వెళ్లాను. ఆ చెయ్యి వణుకుతోంది. ముఖమంతా చెమట.

"ఆగుతలేదన్నా," అని గుసగుసగా అంది. "బరువైతున్నది. పెరుగుతున్నదనుకుంట. జరసేపు నువ్వు పట్టుకుంటవా?"

ఆ రోజు తలుపు తీయలేకపోయినవాణ్ణి. కాదని ఎలా అంటాను? చేతులు చాపాను.

మా చెల్లె ఎడమ చెయ్యి మెల్లగా తిన్నగా అయింది. వేళ్లు ఒకసారి ఆడించుకుని, గోడవైపు తిరిగి నిద్రపోయింది. ఇప్పటికీ లేవలేదు. పిలుస్తూనే ఉన్నాను.

ఇదంతా ఒక్క కుడి చేత్తోనే రాస్తున్నాను.