రికార్డింగు గదిలో ఇంకొకరు

మా యూనివర్సిటీ రెండో అంతస్తు చివర్లో ఒక గది ఉంది. పొద్దు వాలాక అందులోకి ఒంటరిగా వెళ్లమంటే డీన్ గారు కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు వాచీ చూసుకుంటారు.

ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసే గది. ఆన్‌లైన్ పాఠాల సైటు వచ్చాక గోడలకి స్పాంజి అతికించి, ఒక కంప్యూటరు, మైకు పెట్టి, రికార్డింగు గది అన్నారు. అక్కడ ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వస్తోందని మొదట లైబ్రేరియన్ అన్నాడు. కెమిస్ట్రీ సారైతే ఒక చెప్పు లోపలే వదిలేసి మెట్లు దిగాడు.

ఇది మా లెక్కల మేడమ్‌కి జరిగింది. నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

అక్కకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ సైటు మీద అసలే లేదు. రేపటికల్లా పాఠాలన్నీ ఎక్కించకపోతే సబ్జెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఎక్కించడానికి ఆవిడ సిద్ధమే... సైటే సిద్ధంగా లేదు. ఒకే పాఠం మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అది చివరిదాకా వచ్చి, గిరగిరా తిరిగి, "మళ్లీ లాగిన్ అవ్వండి" అంది.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది.

"కంప్యూటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి మేడమ్."

"ఆపొద్దని దాని మీద కాగితం అంటించింది మీరే కదయ్యా!"

"అయితే ఆపకండి మేడమ్."

నాలుగోసారి మొదలుపెట్టేసరికి బయట వాన. కారిడార్లో లైట్లు ఆరిపోయాయి. గొంతు బొంగురుపోయింది. పాఠం సగంలో ఉండగా మాట తడబడి... ఆగింది.

అప్పుడు వినిపించింది. సన్నగా. గదిలోంచే—

"ఆ స్టెప్పు... ఇంకోసారి చెప్పండి."

అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. తలుపు వేసే ఉంది. గదిలో ఎవరూ లేరు.

"ఎ... ఎవరది?"

"నేనే... చాలా రోజులుగా ఇక్కడే ఉన్నాను."

పారిపోదామనుకుంది. కానీ నాలుగోసారి చెబుతున్న పాఠం... మధ్యలో వదిలేసి పోవడమా? భయం కన్నా ఒళ్లుమంట ఎక్కువైంది.

"ఉంటే ఉన్నావు. ముందు బయటికి పో!"

"వెళ్లలేను..." ఆ గొంతులో ఏడుపు. "బయటికి వెళ్తే మళ్లీ రానివ్వదు."

"ఏది రానివ్వదు?"

"సైటు మేడమ్."

అక్క కంప్యూటరు వైపు తిరిగింది. తర్వాత తెర మీద తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే పక్కకి జరిపింది. అన్నిటి అడుగున, ఎప్పుడో ఎవరో పెట్టి మూయడం మరిచిపోయిన లైవ్ క్లాసు. అందులో ఒకే ఒక్క విద్యార్థి. పేరు లేదు, నంబరు మాత్రమే.

దూరపు ఊళ్లో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తూ చదువుకుంటున్న అమ్మాయి. లాగిన్ అవ్వడానికే వారం పట్టిందట. అందుకే మళ్లీ బయటికి పోలేదు. ఫోన్ ఛార్జింగులో పెట్టుకుని, ఆ గదిలో ఎవరేం చెబితే అది వింటూ ఉండిపోయింది. కెమిస్ట్రీ, చరిత్ర, హెల్ప్‌డెస్క్‌ని తిట్టిన తిట్లు... అన్నీ.

"ఇన్నాళ్లూ ఎవరితోనైనా ఒక్క మాట అనకపోయావా తల్లీ?"

"అన్నాను మేడమ్. అన్నప్పుడల్లా పరుగెత్తుతున్నారు."

అక్క చాలా రోజులకి నవ్వింది. ఆ స్టెప్పు అర్థమయ్యేదాకా చెప్పింది. "ఇప్పుడు ఇందులోంచి బయటికెళ్లి, నా క్లాసులోకి రా. నేను చూస్తుంటాను."

"భయంగా ఉంది మేడమ్."

"నేనున్నాగా."

నంబరు మాయమైంది...

మళ్లీ రాలేదు.

అక్క ఫోన్ చేసి ఆ నంబరు చెప్పింది. హెల్ప్‌డెస్క్ అబ్బాయి కాసేపు వెతికాడు. "ఆ నంబరుతో ఎవరూ లేరు మేడమ్... ఎప్పుడూ లేరు."

ఆ రాత్రి అక్కకి కంటిమీద కునుకు లేదు. దెయ్యమని కాదు. మనిషో దెయ్యమో, నమ్ముకున్నదాన్ని నా చేతులతో నేనే బయటికి పంపానే అని.

పాఠాలు ఎవరివీ ఎక్కలేదు కాబట్టి గడువు పొడిగించారు. రెండు రోజుల తర్వాత, దీపాలు పెట్టే వేళ, బయట వాన పడుతుండగా, అక్క మళ్లీ అదే గదిలో అదే పాఠం మొదలుపెట్టింది.

వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. చల్లగాలి మెడకి తగిలింది. అదే గొంతు—

"మేడమ్... లోపలికి రావచ్చా?"

తల తిప్పడానికి అక్కకి ధైర్యం చాల్లేదు. చివరికి తిప్పింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. నిలువునా తడిసిపోయి, చంకలో సంచీతో, చెప్పులు బయట విడిచి నిలబడి ఉంది.

"మళ్లీ రానివ్వలేదు మేడమ్. నా నంబరే లేదంటోంది. అందుకే బస్సెక్కి వచ్చేశాను."