ధైర్యాంకం మూడు మెట్లు దిగిన రోజు

హైమావతి రెండో ఇడ్లీ తుంచుతుండగా మణికట్టు మీది అంకదర్శిని చురుక్కుమంది. ఆమె ఒక్కర్తిదే కాదు. సోంపేట బస్టాండు ఎదురుగా ఉన్న ఆ హోటల్లో పొద్దుటిపూట చేరేవాళ్లలో సగంమంది బీమా ఏజెంట్లే కనక, అన్ని బల్లల దగ్గరా చేతులు ఒకేసారి ఉలిక్కిపడ్డాయి. తోడునీడ బీమా సంఘం ధైర్యాంకం ఎనభై ఒకటి నుంచి డెబ్భై ఎనిమిదికి దిగింది.

ధైర్యాంకం లేని కాలం ఒకటుండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అప్పట్లో కంపెనీల బలాబలాలను ఎవరో పెద్దలు ఏడాదికోసారి తూచి, అక్షరాల్లో చెప్పేవారట. ఏజెంట్లు ఆ అక్షరం చూసి, కష్టంలో ఉన్నవాడితో ఆ కంపెనీ ఎలా మాట్లాడుతుందో నలుగుర్నీ వాకబు చేసి, చివరికి తమ మనసును కూడా ఒక మాట అడిగి, అప్పుడు అమ్మేవారట. ఇప్పుడా అవస్థ లేదు. మహాగణకం ప్రతి కంపెనీ ఖజానాలోకీ క్షణక్షణం తొంగిచూసి, ఇచ్చిన మాట నిలబెట్టుకునే సత్తా నూటికి ఎంతుందో చెప్పేస్తుంది. ఒక్క బీమాకేనా? బస్సుకీ, బడికీ, ఆఖరికి ఈ ఇడ్లీ హోటలుకీ గుమ్మం మీద అంకం వెలుగుతూనే ఉంటుంది. ఆలోచించడం మానేసి జనం ఎంత సుఖపడిపోయారో!

"సూసినావేటప్పా?" అంటూ ఎదురు బల్ల నుంచి జోగినాయుడు లేచి వచ్చాడు. హైమావతిని అక్క వరసతో 'అప్పా' అంటూ ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఆమెకే పోటీగా తిరుగుతున్న ఏజెంటు.

"సూసినాను. మూడు మెట్లేగా. ఎందుకు పడ్డాదో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలియకేం? ఈ ఉద్దానం ప్రాంతాన్ని కిడ్నీ జబ్బు తరాలు మారినా వదల్లేదు. రోగి కణాల నుంచే కొత్త కిడ్నీని మొలిపించి, పది నెలలు తొట్టెలో పెంచి, ఒంట్లో అమర్చే ఆసుపత్రులు మాత్రం వచ్చాయి. జనం వాటిని మొలకలాసుపత్రులంటారు. ఆ ఖర్చు భరించడానికి మిగతా కంపెనీలు సవాలక్ష ప్రశ్నలు వేస్తాయి. తోడునీడ మాత్రం జబ్బు నిజమైతే చాలు, సరేననేది. ఈమధ్య ఒక్కసారిగా చాలామందికి సరేనంది. ఖజానా పలచబడింది, అంకం దిగింది. జరిగిందంతే.

"మంచోలే పాపం," అన్నాడు జోగినాయుడు. "కానీ అంకానికి మంచీ సెడ్డా తెలీదు కదప్పా. నావోలందర్నీ ఏరే కంపెనీకి మార్సేస్తన్నాను."

"ఆగరా నాయనా. ఇదొట్టి జొరం. నెల తిరిగేసరికి తగ్గిపోద్ది."

"నువ్వాగితే మిగతావోలు ఆగుతారేటి? రేపది అరవైకి పడితే నీ మనుషులు నీ పీక మీద కూకోరా?"

హైమావతి తోడునీడ శాఖాధికారి సుభద్రకు ఫోను కలిపింది. అవతలి గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది. "మేడం, మా దగ్గర డబ్బుంది. పాతవాళ్లు కదలకపోతే నెలలో సర్దుకుంటాం. మీ ఏజెంట్లంతా కాస్త ఓపిక పట్టండి, మేం అడిగేది అంతే."

"నాకు తెలుసమ్మా," అంది హైమావతి. నిజంగానే తెలుసు. అదే కదా బాధ!

ఆ వృత్తిలో ఒక పద్ధతుంది. అంకం దిగితే ముందుగా కదిలినవాడే మంచి ఏజెంటు. ఖాతాదారుల గుమ్మాలెక్కి అడుగుతూ కూర్చుంటే ఆలస్యమైపోతుందని, అడగకుండానే కంపెనీ మార్చే హక్కును పాలసీ రాసేనాడే ఏజెంటు తీసుకుంటాడు. తనను నమ్మినవాళ్లలో ఒక్కరినీ ఇన్నేళ్లలో మునగనివ్వలేదని హైమావతికి గర్వం. చుట్టూ చూసింది. ప్రతి బల్ల దగ్గరా వేళ్లు ఆడుతున్నాయి. మావాళ్లు నలుగురూ వెళ్లినంత మాత్రాన అంత సంఘం కూలిపోతుందా అనుకుంది. సరిగ్గా ఆ క్షణంలోనే జిల్లాలోని ప్రతి ఏజెంటూ అదే అనుకున్నాడు.

వేలు నొక్కింది. పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి, తొంభై నాలుగు అంకమున్న సుమేరు బీమాలోకి జారిపోయాయి. ఒక్క పేరు మాత్రం కదల్లేదు. కూర్మారావు. చికిత్స నడుస్తున్న పాలసీని మధ్యలో ఏ కంపెనీ తీసుకోదు. హైమావతి ఇంటికి మూడిళ్ల అవతల ఉంటాడతను, బడిలో బొమ్మలు వేయడం నేర్పే మాస్టారు. అతని కిడ్నీ అప్పటికి తొట్టెలో ఏడో నెల పెరుగుతోంది. ప్రశ్నలు వేసి చంపని కంపెనీ అని అతనికోసం తోడునీడను ఏరికోరి ఎంచింది కూడా హైమావతే. ఒక్కడికి కట్టడం వాళ్లకేం బరువు కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, చల్లారిపోయిన కాఫీ తాగేసింది.

మధ్యాహ్నానికి తోడునీడ అంకం అరవైకి పడింది. మర్నాడు నలభై. వారం తిరక్కుండానే సంఘం తలుపులు మూసుకుంది. మహాగణకం చెప్పినట్టే జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. అది చెప్పడం వల్లే జరిగిందన్న సంగతి దానికి తెలియదు, మెచ్చుకున్నవాళ్లకీ తట్టలేదు.

హైమావతి మొలకలాసుపత్రికి పరుగెత్తింది. అద్దం వెనక, గోరువెచ్చని ద్రవంలో, గులాబిరంగు ముద్ద ఒకటి మెల్లగా కదులుతోంది. దానివైపు చూడలేక, అక్కడి అధికారి సుధాంశు వైపు తిరిగింది.

"మూడు నెలలేగా బాబూ! నా ఇల్లు రాసిస్తాను, ఆపకండి."

"పోషణకు హామీ కంపెనీయే ఇవ్వాలండీ. అదీ డెబ్భై దాటిన అంకమున్న కంపెనీ. మనుషులకు ధైర్యాంకం ఉండదు కదా? మనిషి హామీని తొట్టె తీసుకోదు."

ఆమె కేకలేసింది. తరవాత బతిమాలింది. అతను మంచివాడే, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పైకి రాసి చూశాడు, పెద్దవాళ్లతో మాట్లాడాడు. అయినా మర్నాడు తొట్టెలోని కిడ్నీకి పోషణ ఆగిపోయింది.

ఆ సాయంత్రం హైమావతి కూర్మారావు ఇంటికి వెళ్లింది. మూడిళ్ల దూరమే ఎంతకీ తెమలనట్టు అనిపించింది. అతను వాకిట్లో మంచం మీద ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. రేపట్నుంచి మళ్లీ రోజు విడిచి రోజు రక్తశుద్ధి, అది ఎన్నాళ్లు నిలబెడుతుందో డాక్టర్లూ చెప్పలేదు. పలకరించడానికి వీధివాళ్లు చాలామందే వచ్చారు. అందరూ హైమావతి ఖాతాదారులే.

"రా అప్పా, కూకో," అన్నాడు కూర్మారావు. అతని భార్య దమయంతి కుర్చీ తెచ్చి వేసింది.

జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే నీలమ్మ, వరసకు కూర్మారావుకి అత్త, అందుకుంది. "ఈయమ్మ సల్లగుండాల. సమయానికి మార్సింది గాబట్టి మేం గట్టెక్కినాం. లేకపోతే మా గతీ ఇంతే కదా!"

దమయంతి తల ఎత్తింది. "అయితే వీలందర్నీ నువ్వే మార్సినావా వదినా?"

అబద్ధమాడడానికి వీలుంది. తోడునీడ తనంతట తనే పడిపోయిందని చెప్పొచ్చు. ఆ మాటను మహాగణకం కూడా కాదనదు.

"నేనే మార్సినాను," అంది హైమావతి. "నాలాటోలందరం ఒక్కసారే మార్సినాం. అందుకే పడిపోనాది. ఒక్క నెల కదలకుండా ఉంటే నిలబడిపోవును. కిడ్నీ వచ్చును. తమ్ముడి పాలసీ ఒక్కటే అందులో ఉండిపోతాదని తెలిసే మార్సినాను. తప్పైపోనాది."

కూర్మారావు దుప్పటి అంచు మీద వేలితో ఏదో గీస్తూ, "పోన్లే అప్పా. అంత మంది ప్రానాలు నీ సేతిలో ఉన్నాయి. నువ్వు మాత్తరం ఏటి సేస్తావు?" అన్నాడు. దాంతో ఆమెకు ఏడుపు ఆగలేదు.

నీలమ్మ ఇంకా ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉంది. "ఒక్క నెలా?" అంది. "ఒక్క నెల ఉంటే కూర్మారావుకి కిడ్నీ వచ్చునా? మరి నన్నడగనేదేటమ్మా? ఈడి కోసం నెల్లాలు ఆగనా నేను?"

"పడిపోతే నీ సొమ్మూ పోవును అత్తా," అంది హైమావతి.

"పోతే పోవును! అడగాల కదా!"

"నేనూ ఆగుదును," అన్నాడు గోడవార నిలబడ్డ పాలాయన.

"మా ఇంట్లో ముగ్గురం ఆగుదుం," అంది ఇంకొకావిడ. ఆ వెనక మరొకరు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ ఆమెను తిట్టలేదు. ఒక్కొక్కరే చెప్పి, ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లిపోయారు. అడిగుంటే ఆగనన్న మనిషి ఆ వీధిలో ఒక్కరూ లేరు.