కోకిల బ్యాటరీ

ఆదోనిలో మ్యాట్నీ. న్యూస్ రీలు అయిపోయి తెర మీద స్లైడ్లు మొదలయ్యాయి. పళ్లపొడి, బీడీలు, చీరల దుకాణం. హాల్లో ఎవడూ తెర వైపు చూడడం లేదు, వెనక బెంచీలో కూర్చున్న ఏజెంట్ నైన్ తప్ప.

"పత్తి ధర పడిందట," అన్నాడు పక్క సీటు మనిషి, వేరుశనక్కాయ వలుస్తూ.

"వాన పడితే లేస్తుంది."

కోడ్ సరిపోయింది. ఆయన చీఫ్. ఢిల్లీ మనిషి లుంగీ కట్టుకుంటే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉన్నాడు.

"ఈ స్లైడు చూడు నైన్."

చెవి మిషన్ వాడేవారికి శుభవార్త! విదేశీ కోకిల బ్యాటరీ పూర్తిగా ఉచితం! ఎమ్మిగనూరు లక్కీ పబ్లిసిటీస్‌లో అడగండి!

"ఇందులో ప్రమాదం ఏముంది సార్?"

"అబ్దుల్ రహీమ్ అని మన రాడార్ ఇంజనీరు. భార్య లాలాబీకి బొత్తిగా చెవుడు. ఫారిన్ ట్రైనింగుకు వెళ్లినప్పుడు ఆమెకు చెవి మిషన్ కొన్నాడు. దాని బ్యాటరీ మన దేశంలో దొరకదు. పోయినేడు దేశ రహస్యాలు అమ్ముకునే కోబాల్ట్ ముఠా ఆయన్ను ఎత్తుకుపోబోయింది. పేరు మార్చి ఈ ప్రాంతంలోనే దాచాం. ముఠా ఇప్పుడు ఆయన్ను వెతకడం మానేసింది. ఆయన వెతికే వస్తువుకు ప్రకటన ఇచ్చింది. ఆయనే నడిచొస్తాడు."

"ముందే హెచ్చరిస్తే?"

"అడ్రసు తెలిసిన ఆఫీసరు ఒక్కడే. నిన్న గుంతకల్లులో రైలు కింద పడ్డాడు. తోశారనే నా అనుమానం."

నైన్ స్లైడు మీది అడ్రసు మరోసారి చదువుకున్నాడు.

"రహీమ్ ఎలా ఉంటాడు సార్?"

"దాచేటప్పుడే ఫొటోలన్నీ తగలబెట్టాం. ఇప్పుడు ఒక్క ఫొటో లేదు. మనకూ లేదు, వాళ్లకూ లేదు. ఈ వైపు పశువుల దళారి కొడుకని మాత్రం తెలుసు. ముఠాలో మన మనిషి ఉంది, హమీదా. లక్కీ పబ్లిసిటీస్‌కు వెళ్లి కలువు."

స్లైడ్లు అయిపోయాయి. జనం ఈలలు వేశారు. చీఫ్ వేరుశనక్కాయల పొట్లం అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నైన్ ఎమ్మిగనూరు బస్టాండులో దిగాడు. మాసిన పంచె, భుజం మీద ఎర్రంచు తువ్వాలు. ఇది మారువేషం అనడానికి లేదు. పదిహేనేళ్ల కిందట ఈ బస్టాండులోనే ఇదే వేషంలో బస్సెక్కి వెళ్లిన నారాయణస్వామి అతనే. తండ్రి గోవిందన్న సంతలో పశువుల దళారి.

లక్కీ పబ్లిసిటీస్ గది నిండా క్యాలెండర్లు. నల్ల కళ్లద్దాలు, లేత నీలం షిఫాన్ చీర, ఈ ఊరి దుమ్ము అంటని చెప్పులు. హమీదా నవ్వింది. నవ్వుతూనే పిస్టల్ తీసింది.

"రెండు పక్షాలకూ పనిచేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఒక పక్షం ఎంచుకోవాలి కదా నైన్. నేను ఎంచుకున్నాను."

టియర్ గ్యాస్ పెన్ను, రేడియో ఉన్న వాచీ, తాళాలు తీసే దువ్వెన అన్నీ బల్ల మీదికి చేరాయి. తువ్వాలు మాత్రం భుజం మీదికే విసిరింది. "చెమట తుడుచుకో. చాలా పని ఉంది."

అతని కాలికి గొలుసు వేసి కౌంటరు కాలికి బిగించింది.

"నాది పుస్తకాల తెలుగు. ఇక్కడి వాళ్ల మాట సగం నాకు అర్థం కాదు. నువ్వు కూర్చుని మాట్లాడు. నేను తెర వెనక ఉంటాను. తోక ఝాడిస్తే మొదటి గుండు నీకు, రెండోది నీ ముందున్నవాడికి. వాకిట్లో జీపులో టోనీ ఉన్నాడు."

ఆమెకు తన పన్నాగం చెప్పుకోవాలని ఉంది. తెలివైనవాళ్లందరికీ ఉండే బలహీనతే అది.

"ఇది పబ్లిసిటీలో లేటెస్ట్ టెక్నిక్. ఆదోని స్లైడులో కోకిల బ్యాటరీ. పత్తికొండ కరపత్రంలో చిలక బ్యాటరీ. వచ్చినవాడు ఏ పేరు అడిగితే ఆ ప్రకటన చూసినవాడన్నమాట. మందుబిళ్లంత పాత బ్యాటరీ చూపించినవాడే మన రహీమ్."

ఆమె అన్నీ లెక్క వేసుకుంది గానీ ఉచితం అన్న మాటకు ఈ జిల్లాలో ఉన్న బలం వేసుకోలేదు. తలుపు తీసేసరికి వాకిట్లో తిరునాళ్ల జనం.

"కోకిల బ్యాటరీ ఇయ్యప్పా, నా టార్చికి."

"ఇది చెవి మిషన్‌కు పెద్దాయనా."

"చెవిదైతే ఏమప్పా, ఎలగదా?"

వెనకాల నుంచి బసమ్మ అనే ఆమె రేడియో ఎత్తి చూపింది. "సిలక బ్యాటరీ అంట గదన్నా. దీనికి నాలుగు పడ్తాయి."

నైన్ ఒక్కొక్కరికీ క్యాలెండరు ఇచ్చి పంపిస్తున్నాడు. పిస్టల్ చూపు వీపు మీద సూదిలా గుచ్చుకుంటోంది. తను పుట్టిన వీధి ఇక్కడికి కూతవేటు దూరం. అయినా అరవడానికి లేదు, లేవడానికి లేదు. రైలు కింద పడ్డ ఆఫీసరు గుర్తొచ్చాడు. ఏ క్షణాన రహీమ్ ఎదురుగా నిలబడతాడో, తన చేతులతోనే ఆయన్ను పట్టిస్తానేమోనని నైన్‌కు భయం పట్టుకుంది. అంత భయం అతను ఎప్పుడూ పడలేదు.

నేతగాడు ఉరుకుందు కౌంటరు మీదికి వంగి చూశాడు. "రేయ్, నువ్వు దళారి గోవిందన్న కొడుకువి కదప్పా? యాడికి పోయినావురా ఇన్నాళ్లూ?"

"కాదన్నా. నాది కృష్ణగిరి."

"యాడి కృష్ణగిరిరా! ఆ ముక్కు గోవిందన్నదే." గొణుక్కుంటూ పోయి వాకిట్లో కూర్చున్నాడు.

ఉరుకుందు వెనక నిలబడిన నెరిసిన గడ్డం మనిషి ఆ మాటలు విన్నాడు. ఆయన చేతిలో టార్చి లేదు, రేడియో లేదు. చిన్న ముడి వేసిన చేతిరుమాలు ఉంది.

"కోకిల బ్యాటరీ కావాలప్పా," అని మెల్లగా ముడి విప్పబోయాడు.

నైన్ భుజం మీది తువ్వాలు తీసి ఆ చేతుల మీద కప్పేశాడు.

పశువుల సంతలో బేరం నోటితో చేయరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు, వేళ్లే ధర చెబుతాయి. దళారులు దళారులకు మాత్రమే ఇచ్చుకునే గుర్తు ఇంకొకటుంది. ఎదుటివాడి బొటనవేలు పట్టి అరచేతిలోకి మడిస్తే పశువుకు రోగముందని, కొనకుండా వెళ్లిపొమ్మని అర్థం.

తువ్వాలు కింద నైన్ ఆ బొటనవేలు మడిచాడు. గట్టిగా.

ఆ చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత మెల్లగా తెరుచుకుంది. మందుబిళ్లంత వస్తువు నైన్ గుప్పిట్లోకి జారింది.

"పెద్ద టార్చిది లేదాప్పా?" అన్నాడు గడ్డం మనిషి, గొంతు వణక్కుండా. "అయితే వద్దులే." ఖాళీ రుమాలు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

తెర కదిలింది. "ఆ తువ్వాలు ఏమిటి?"

"ఇక్కడ బేరం ఇలాగే చేస్తారు."

హమీదా తెర వదిలేసింది. అంతలోనే ఆమెకు తట్టింది.

"ఉచితంగా ఇచ్చేదానికి బేరమెందుకు?" తెర చీల్చుకుని వచ్చింది. "టోనీ! ఆ గడ్డం వాణ్ని పట్టుకో!"

టోనీ జీపు దిగాడు. గడ్డం మనిషి ఇంకా వాకిలి దాటలేదు. గొలుసు నైన్‌ను అడుగు కదలనివ్వదు. మిగిలింది గొంతు ఒక్కటే.

"యో, ఇనండప్పా! బ్యాటరీలన్నీ అయిపోయినాయంట! ఉన్నవన్నీ ఈయమ్మ ఆ జీపులో బొంబాయికి ఏసుకోని పోతాందంట!"

జనం తలలన్నీ జీపు వైపు తిరిగాయి.

"యాడికి పోతాది!" అని ఉరుకుందు లేచాడు.

ఆ తర్వాత జరిగింది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. వాకిట్లో జనమంతా లోపలికొచ్చారు. పిస్టల్ పేలి గుండు పైకప్పులో దిగింది, దాన్ని పట్టుకున్న చెయ్యి బసమ్మ రేడియో కింద నలిగింది. హమీదా క్యాలెండర్ల కుప్ప కింద కనబడకుండా పోయింది. టోనీని జీపు బానెట్ మీద పడేసి నలుగురు నేతగాళ్లు పైన కూర్చున్నారు. పోలీసులు వచ్చేదాకా నైన్ గొలుసుతోనే ఉన్నాడు. పోలీసులు అతన్నే ముందు అరెస్టు చేశారు.

సాయంత్రం మాధవరంలో తుంగభద్ర ఒడ్డున చిన్న ఇల్లు. పోలీసులు నిజం తెలుసుకుని నైన్‌ను వదిలేదాకా స్టేషన్ బయట కాచుకుని ఉన్న గడ్డం మనిషే దారి చూపించాడు. హమీదా బల్ల సొరుగులో దొరికిన కొత్త బ్యాటరీ బిళ్లను లాలాబీ మిషన్‌లో వేసి చెవికి పెట్టుకుంది. నెలల తర్వాత భర్త తన పేరు పిలవడం విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నైన్‌కు కూడా కళ్లు చెమర్చాయి. పాపం చెవుడు కదా అని ముందుకు వంగి, గొంతెత్తి చెప్పాడు.

"అమ్మా! ఇంగ భయం లేదు! దొంగలను పట్టుకున్న్యాం!"

లాలాబీ ఉలిక్కిపడి భర్త వైపు తిరిగింది.

"ఈయప్ప గూఢచారి అంటివే. ఊరంతా ఇనపడేటట్ల అరుస్తాడేంది?"